శ్రామికుని దేహధర్మములు - తెలుగు సాహిత్యము : చీమకుర్తి గనుల నేపథ్యమున ఒక పరిశీలన

చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయమునకు 'నవేగాన్ధారణీయ' మని పేరు. ఆపరాని దేహవేగములను గూర్చి చెప్పిన అధ్యాయమది. మూత్రము, పురీషము, రేతస్సు, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమవలన కలుగు ఉచ్ఛ్వాసనిశ్వాసములు - అని పదుమూడు వేగములు అందు పరిగణితములైనవి. ఒక్కొక్క దానిని బలవంతముగా ఆపినచో ఏయే రోగములు పుట్టునో కూడ అచటనే చెప్పబడినది. వైద్యశాస్త్ర దృష్టిలో ఈ పదుమూడును ఒకే పంక్తిలో కూర్చుండదగినవి. కన్నీటికి అగ్రాసనము, మూత్రమునకు కడపటి చోటు అను భేదము అందు లేదు.

సాహిత్య దృష్టి వేరు. ఈ పట్టికలో కన్నీటిని, ఆకలిని, దప్పికను, నిట్టూర్పును మన కవులు ఆదరముతో స్వీకరించిరి. శ్రామిక జీవితమును వస్తువుగా గైకొన్న ఆధునికులు వీనికి చెమటను చేర్చిరి. మిగిలినవానిలో కొన్ని హాస్యమునకు పనికివచ్చినవి. కొన్నింటి పేరెత్తుటయే దోషమైనది. పనిచేయు మనుష్యుడు పనివేళలో తన దేహధర్మములను ఎట్లు తీర్చుకొనును అను ప్రశ్న మన సాహిత్యమున అరుదుగా వినవచ్చును. విమర్శలో అంతకంటెను అరుదు. ఈ మౌనమునకు హేతువేమి, అది న్యాయమైనదేనా, భాష తానుగా ఏమి చెప్పుచున్నది అను మూడు విషయములను, ఒంగోలు సమీపముననున్న చీమకుర్తి రాతిగనులను, వాని చుట్టునున్న పత్తి, మిరప పొలములను దృష్టియందుంచుకొని ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

1. అశ్లీలదోష విచారము

ఈ మౌనమునకు ఆలంకారికుల శాసనమే కారణమని తోచుట సహజము. మమ్మటుడు కావ్యప్రకాశమున అశ్లీలమును వ్రీడావ్యంజకము, జుగుప్సావ్యంజకము, అమంగళవ్యంజకము అని మూడు విధములుగా విభజించెను. విసర్జన సంబంధములైన మాటలు వీనిలో రెండవ దానిక్రింద చేరును. కనుక శ్రామికుని మూత్రబాధను గూర్చి వ్రాయుట కావ్యదోషమని ఒకరు వాదింపవచ్చును.

కాని ఆ ఆలంకారికుడే, దోషములు నిత్యములు కావనియు, వక్తను, విషయమును, సందర్భమును బట్టి ఒకచో దోషమైనది వేరొకచో గుణమగుననియు అంగీకరించెను. శమప్రధానమైన కథయందు అశ్లీలము గుణమే యగునని ఆయన మతము. వైరాగ్యము బోధించు కవి దేహమును మలమూత్రముల తిత్తియని నిందించినపుడు ఎవరును చెవులు మూసికొనరు. తెలుగు శతకములలోను, తత్త్వములలోను ఇట్టి దేహనింద కొల్లలుగా కలదు. అనగా విసర్జన ప్రస్తావనకు మన సాహిత్యమున ద్వారములు పూర్తిగా మూయబడలేదు. వైరాగ్య మొక ద్వారము, హాస్య మొక ద్వారము, తిట్టు వేరొక ద్వారము. దేహమును హేయముగా చూపుటకు అనుమతి కలదు. నవ్వుటకు అనుమతి కలదు. ఆ దేహముతోనే బండ మోయుచు, కాయ కోయుచు దినము గడపువాని అవస్థగా చూపుటకు మాత్రము అనుమతి అడిగినవారు తక్కువ.

రసదృష్టితో చూచినను ఇదే తేలును. జుగుప్స బీభత్సమునకు స్థాయి. అయితే మధ్యాహ్నపుటెండలో మరుగు దొరకక ఓర్చుకొను స్త్రీని చూచినపుడు సహృదయునకు కలుగునది జుగుప్స కాదు, శోకము. వస్తువు విసర్జనయైనను స్థాయి శోకమైనపుడు రసము కరుణమే యగును. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము ఇచట మౌనమును కోరదు. తగిన మాటను కోరును. కాబట్టి ఈ విషయమున శాస్త్రము అడ్డము రాలేదనియు, శాస్త్రము తెరచియుంచిన ద్వారమున కవులు ప్రవేశింపలేదనియు మా అభిప్రాయము.

2. కాలము, చోటు : పదముల సాక్ష్యము

తగిన మాట యెట్టిదో తెలిసికొనుటకు భాషనే ఆశ్రయింపవలెను. ఈ దేహధర్మములకు తెలుగున వాడుకలోనున్న మాటలను పరిశీలించినచో ఒక విశేషము కనబడును. అవి క్రియను చెప్పవు, చోటును చెప్పును. 'బహిర్భూమికి వెళ్లుట' శిష్టుల మాట. 'బయటికి పోవుట', 'దొడ్డికి పోవుట', 'చెరువుగట్టుకు పోవుట', 'చెంబు పట్టుకొని పోవుట' జనుల మాటలు. స్త్రీల ముట్టును గూర్చియు 'బయట చేరుట', 'దూరముండుట' అని చోటును బట్టియే చెప్పుదురు. ఈ కడపటి మాటలలో సంప్రదాయపు వెలి కూడ ఇమిడియున్నదన్నది వేరు విచారము. చోటు చేతనే అవస్థను సూచించు పద్ధతి మాత్రము సమానము. బడిపిల్లలు 'ఒంటికి', 'రెంటికి' అని సంఖ్యతో చెప్పుదురు.

చోటును చెప్పని ముఖ్యపదము 'కాలకృత్యము'. అది కాలమును చెప్పును. తగిన వేళ చేయదగిన పని యని దాని అర్థము. 'లఘుశంక' అను మాటలో 'శంక' కలదు. అది చిన్నదని మాట చెప్పుచున్నను, తలుపులేని పనిచోట స్త్రీకి అది చిన్నది కాదు. ఇటీవలి పదమైన 'మరుగుదొడ్డి' మరియొక అడుగు ముందుకు వేసినది. దొడ్డి యున్న చాలదు, దానికి మరుగు కూడ ఉండవలెనని ఆ సమాసమే శాసించుచున్నది.

ఈ పదములను కలిపి చూచినచో తెలుగుభాష దేహధర్మమునకు మూడు నియమములు చెప్పినదని గ్రహింపవచ్చును : తన వశమున నున్న కాలము, పోదగిన చోటు, కంటబడని మరుగు. సొంత చేనిలో పనిచేయు కాపునకు ఈ మూడును ఏదో యొక మేరకు ఉండును. కూలికి పోయినవాని కాలము కూలి ఇచ్చువానిది, చోటు యజమానునిది, మరుగు ప్రకృతి ఇచ్చిన కలదు, లేకున్న లేదు. పనిచోట దేహబాధ యనునది కేవలము దేహమునకు సంబంధించినది కాదు. అది కాలముపైని, చోటుపైని అధికారము ఎవరిదను ప్రశ్న. మన శ్రామిక సాహిత్యము కూలిరేటు విషయమున ఈ ప్రశ్నను వేసినది. కాలకృత్యము విషయమున వేయలేదు. ఇదియే ఈ వ్యాసమునందలి ప్రధాన ప్రతిపాదనము.

3. దప్పిక, ఊపిరి : సాహిత్యము ఆదరించిన వేగములు

సాహిత్యము ఆదరించిన వేగములను ముందు చూతము. దప్పిక ఈ ప్రాంతమున ప్రాచీన కావ్యవస్తువు. పల్నాటి సీమలో నీరు దొరకక విసిగిన శ్రీనాథుడు, ఇద్దరు భార్యలు నీకేల, గంగను విడువుమని శివుని వేడినట్లు చెప్పు చాటువు లోకప్రసిద్ధము. ఆ చాటువు శ్రీనాథునిదని చెప్పుట సంప్రదాయము. అందలి చమత్కారమును మెచ్చని తెలుగువాడు లేడు. కాని ఆ దప్పిక బాటసారియైన కవిది. ఆ నాపరాళ్ల నేలలోనే దినమంతయు పనిచేసినవారి దప్పిక ఆ చాటువున లేదు. కవి సీమను విడిచి పోగలడు, కూలివాడు పోలేడు.

శ్రమజీవుల ఊపిరిని పట్టుకొన్నవి జానపదుల శ్రమగేయములు. ఆచార్య బిరుదురాజు రామరాజు గారు మొదలైన పరిశోధకులు జానపద గేయములను సేకరించి, వర్గీకరించి మహోపకారము చేసిరి. ఈ గేయములను గూర్చి 'శ్రమను మరపించును' అని చెప్పుట పరిపాటి. ఆ మాట నిజమే గాని అసంపూర్ణము. ఏతము తొక్కువారి పాటలో బానల లెక్క ఉండును. ఆ లెక్క విశ్రాంతికి హద్దు. బరువు లాగువారి 'హైలెస్సా'లో కండ బిగియు క్షణమునకు ఒక స్వరము, ఊపిరి తీయు క్షణమునకు ఒక విరామము ఉండును. నాటులోను, కలుపులోను ఒకరు పాడుచుండగా తక్కినవారు అందుకొందురు, పాడువారు మారుచుందురు. చరకుడు చెప్పిన శ్రమనిశ్వాసమును ఆపక, దానికి తాళములో చోటు కల్పించిన కూర్పు ఇది. శ్రమగేయము పనివారు తమ కాలమును కొంత తమ వశమున నుంచుకొనుటకు చేసికొన్న ఏర్పాటని మా భావన. పాటలో విరామమున్నంతవరకు మేస్త్రి కూడ దానిని కాదనలేడు.

సమ్మెట, ఉలి, పలుగు పట్టి బండ పగులగొట్టు కాలమున రాతిపనికిని ఇట్టి తాళముండెను. కంప్రెసరుతో నడచు డ్రిల్లుకు తాళము లేదు. అది విరామము లేని మ్రోత. పాట వినబడనిచోట పాటతో వచ్చిన విరామమును పోయినది. యంత్రము వచ్చిన పిదప జానపదగేయము నశించినదని చింతించు మనము, ఆ గేయముతో పాటు నశించిన ఊపిరివేళను గూర్చి కూడ చింతింపవలసియున్నది.

4. ఆధునికుల దృష్టి

గుంటూరు మండలమున పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' (1922) వ్యవసాయ కూలీల బ్రతుకును నవలకు ఎక్కించిన మహాగ్రంథము. సంగదాసు పాత్రద్వారా కూలి న్యాయము, మనిషి గౌరవము ఉజ్జ్వలముగా ప్రతిపాదితములైనవి. అందు కూలివాడు ఆకలిగొన్నవాడు, అవమానితుడు, తిరుగబడువాడు. ఆ నవలా ప్రణాళిక ధర్మాధర్మముల పోరాటము కనుక దేహధర్మముల సూక్ష్మవివరము దానికి అవసరము కాలేదు. దీనిని లోపముగా ఎంచము.

శ్రీశ్రీ 'మహాప్రస్థానము' (1950) నందలి 'ప్రతిజ్ఞ' కర్షకుల, కార్మికుల చెమటను కవితాసింహాసనమున కూర్చుండబెట్టినది. 'దేశచరిత్రలు' అను గీతము రాజులను విడిచి, తాజమహలునకు బండలు మోసిన అజ్ఞాతులెవరని ప్రశ్నించి తెలుగువారి చరిత్రదృష్టినే మార్చినది. ఆ ప్రశ్న ఎంత గొప్పదో చెప్పనక్కరలేదు. అయితే ఆ ప్రశ్నను ఇంకొక మెట్టు దింపి, ఆ బండలు మోసినవారు నీరెచట త్రావిరి, ఎండలో ఎచట నిలిచిరి, మరుగునకు ఎచటికి పోయిరి అని అడిగిన కవి అరుదు. చెమట సాహిత్యమున గెలిచినది. ఏలయన అది నుదుటిపై మెరయును, ముత్యముతో పోల్చదగును. దేహమునుండి వెలువడు తక్కిన ద్రవములకు ఆ ఉపమానయోగ్యత లేదు. శ్రామికుని పక్షమున నిలిచిన కవిత్వము కూడ శ్రామిక దేహమును ఎన్నుకొని, వడగట్టి చూచినదని దీనివలన తెలియుచున్నది.

ఈ వడగట్టును చీల్చినవారు ఇద్దరు. ఒకరు దళిత రచయితలు. గుంటూరు జిల్లా వేజెండ్లలో జన్మించిన కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' కథయందు దప్పిక చమత్కార విషయము కాదు. నీరు నిరాకరించిన ఊరి బావిలో పశుకళేబరమును పడవేసిన స్త్రీ, జుగుప్సను తన ఆయుధముగా చేసికొన్నది. బీభత్సము ఇచట రౌద్రమునకు అంగమైనది. రెండవవారు స్త్రీవాద కవయిత్రులు. 1993లో వెలువడిన 'నీలిమేఘాలు' సంకలనము నాటికి కొండేపూడి నిర్మల గారి 'లేబర్ రూమ్' వంటి కవితలు ప్రసవదేహమును నిస్సంకోచముగా కవితలోనికి తెచ్చెను. ఆ ధోరణిపై అశ్లీలదోషమును ఆరోపించినవారు లేకపోలేదు. కాలము ఆ ఆరోపణను నిలువనీయలేదు. ఈ రెండు ధోరణులును కలసి తలుపు తెరచినవి. తెరచిన తలుపునుండి పనిచోటి దేహము ఇంకను పూర్తిగా లోనికి రావలసియున్నది.

5. చీమకుర్తి

చీమకుర్తి నల్లరాయి జగత్ప్రసిద్ధము. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరయుటచే దానికి 'గెలాక్సీ' యని వర్తకులు పేరుపెట్టిరి. బ్రాంజైటు అను ఖనిజపు రేణువులు ఆ మెరుపునకు కారణము. దేశాంతరముల సౌధములలో నేలగా, గోడగా పరచబడు ఈ రాయి చీమకుర్తి గుంటలలో బండలుగా కోయబడుచున్నది. గుంట మెట్లుమెట్లుగా లోతునకు దిగును. చెట్టు లేదు, పొద లేదు. పై మెట్టుననున్నవానికి క్రింది మెట్టంతయు కనబడును. ఎండ పైనుండి పడుటయే కాక నల్లరాతినుండి తిరిగి కొట్టును. రోహిణికార్తెలో రోళ్లు పగులునన్న సామెత ఇచట అతిశయోక్తి కాదు.

వజ్రపుపూసలు గ్రుచ్చిన తీగతో ఇచట రాతిని కోయుదురు. ఆ తీగ కాలిపోకుండ, దుమ్ము లేవకుండ కోతసాగునంతసేపు దానిపై నీరు ధారగా పడవలెను. నీరు ఆగినచో తీగ చెడును, నష్టము వెంటనే కనబడును. కనుక యంత్రమునకు దప్పిక కలుగనీయరు. మనుష్యుని దప్పికవలని నష్టము వెంటనే కనబడదు. అది మూత్రపిండములలోను, తలనొప్పిలోను, సాయంకాలపు నిస్త్రాణలోను మెల్లగా కనబడును. అందుచేతనే మనుష్యుని దప్పికకు చట్టము కావలసివచ్చినది.

1952 నాటి గనుల చట్టము 19వ సెక్షను ప్రతి గనిలోను చల్లని మంచినీటిని తగిన చోట్ల ఉంచవలెనని విధించినది. ఆ చోట్లపై 'త్రాగునీరు' అని, గనిలో పనిచేయువారిలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలో, స్పష్టముగా వ్రాయవలెనని ఆ సెక్షనే చెప్పినది. పాయిఖానాకు ఆరు మీటర్లలోపల అట్టి చోటు ఉండరాదన్నది. 20వ సెక్షను స్త్రీలకును, పురుషులకును వేరువేరుగా మరుగుదొడ్లు, ఎల్లవేళల అందుబాటులో నుండవలెనని శాసించినది. భాషాశాస్త్ర విద్యార్థులు ఈ 19వ సెక్షనును శ్రద్ధగా చదువదగును. త్రాగునీటి పలకపై ఏ భాష వ్రాయవలెనో రాజ్యభాషను బట్టి కాక, దప్పిగొన్నవాని భాషను బట్టి నిర్ణయించిన శాసనమిది. తెలుగువారితో పాటు ఒడిషానుండియు, ఉత్తరదేశమునుండియు వచ్చిన కూలీలు పనిచేయు చీమకుర్తివంటి చోట తెలుగు పలక ఒక్కటే చాలునా అను ప్రశ్న దీనివలన పుట్టును. తెలుగుపై అభిమానము గల మేము ఈ విషయమున ఒడియా పలకనే కోరుదుము.

1955 నాటి గనుల నియమములు ఒక్కొక్కరికి రెండు లీటర్లకు తక్కువ కాని నీరుండవలెనన్నవి. ఎండలో శ్రమించువారు పావుగంటకో, ఇరువది నిమిషములకో ఒక గ్లాసు చొప్పున, అనగా గంటకు సుమారు ముప్పాతిక లీటరు నుండి లీటరు వరకు త్రాగవలెనని అమెరికా వృత్త్యారోగ్య సంస్థ సలహా. ఈ లెక్కన రెండు లీటర్లు మూడు గంటలకైనను చాలవు. 1952 నాటి చట్టము 2020లో ఆమోదింపబడిన వృత్తిభద్రతా స్మృతిలో లీనమైనది. 2025 నవంబరులో ఆ స్మృతి అమలులోనికి వచ్చినది. స్త్రీపురుషులతో పాటు ట్రాన్స్‌జెండరు ఉద్యోగులకును మరుగుదొడ్ల వసతి అందు చెప్పబడినది.

6. మిరపచేను, పత్తిచేను

గనులలో పురుషులు అధికులు. గని దాటి చుట్టునున్న చేలలోనికి వచ్చినచో స్త్రీలే అధికులు. పత్తి తీయుట, మిరపకాయ కోయుట, తొడిమలు తీయుట వారి పనులు. ఈ నల్లరేగడి మైదానమున పత్తిచెట్టుగాని, మిరపచెట్టుగాని నడుము దాటి మరుగు ఈయదు. 'మరుగు' లేనిచోట స్త్రీలు చేయు ఉపాయము ఒకటే : నీరు త్రాగకుండుట. మూత్రవేగమును ఆపుటకు దప్పికవేగమును కూడ ఆపుదురు. చరకుడు వేరువేరుగా చెప్పిన రెండు నిరోధములు ఇచట ఒకదానికొకటి కారణమగుచున్నవి. మూత్రమును ఆపినచో వస్తినొప్పి, మూత్రకృచ్ఛ్రము, శిరోవేదన కలుగుననియు, దప్పికను ఆపినచో కంఠశోషము, బడలిక, హృదయవ్యథ కలుగుననియు అధ్యాయమున చెప్పినది. ఈ స్త్రీలు రెండు పట్టికలను ఒకేసారి అనుభవించుచున్నారు.

మిరపపనిలో ఇంకొక చిక్కు కలదు. కాయ ఘాటు చేతికంటును. ఆ చేయి కంటికి తగిలిన కన్ను మండును. దేహమున సున్నితమైన చోట తగిలిన అంతకంటె మండును. చంటిబిడ్డను ఎత్తుకొన్న బిడ్డకు మంట. చేయి కడుగుకొనుటకు సబ్బు, నీరు లేనిచో కాలకృత్యమే శిక్షయగును. ఫ్యాక్టరీల చట్టము (1948) 42వ సెక్షనున కడుగుకొనుటకు వసతి చెప్పబడినది. అది ఫ్యాక్టరీకి వర్తించెనుగాని చేనికి వర్తింపలేదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము కూడ పనిచోట మంచినీరు, పిల్లలకు నీడ, విశ్రాంతివేళ, ప్రథమచికిత్స పెట్టె అని నాలుగు వసతులను పేర్కొని, మరుగుదొడ్డిని వదలినది. చట్టము వ్రాసినవారును కవులవలెనే దప్పికను గైకొని తక్కినదానిని విడిచిరి! సాహిత్యమున ఏది ప్రస్తావనకు రాదో అది శాసనమున కూడ రాకపోవుట కాకతాళీయమని మేము తలపము.

ఎచట అడుగబడినదో అచట శాసనము కదలినది. కేరళమున వస్త్రదుకాణములలో దినమంతయు నిలిచి పనిచేసిన స్త్రీలు కూర్చుండు హక్కు కొరకు ఉద్యమింపగా, 2018లో అచటి ప్రభుత్వము దుకాణముల చట్టమును సవరించినది. తమిళనాడు 2021లో ఆ మార్గమునే అనుసరించినది. అమెరికాలో మరుగుదొడ్డి కట్టియుంచుటయే కాక, అవసరమైనపుడు పోనిచ్చుట కూడ యజమాని విధియని 1998లో అధికారులు స్పష్టము చేసిరి. ఈ రెండవ నిర్ణయము మన 'కాలకృత్య' శబ్దమునకు వ్యాఖ్యానమువలె నున్నది. చోటున్న చాలదు, కాలము కూడ పనివాని వశమున నుండవలెను.

7. ఉపసంహారము

మరుగుదొడ్లు కట్టించుట ప్రభుత్వము పని, యజమానుల పని; సాహిత్య విమర్శకునకు దీనితో ప్రసక్తి యేమి అని ఆక్షేపింపవచ్చును. ఇటుక పేర్చుట మా పని కాదు, నిజమే. కాని ఏ మాట సభలో పలుకదగినది, ఏది కాదు అని నిర్ణయించుటలో సాహిత్యమునకును, దానిని బోధించు విభాగములకును పాలు కలదు. సిగ్గుచేత మేస్త్రిని అడుగలేని స్త్రీ ఆ సిగ్గును ఒంటరిగా కల్పించుకొనలేదు. ఆ మాట ఉచ్చరింపరానిదని చెప్పిన సంస్కారమును ఆమెకు ఇచ్చినవారిలో మన పాఠ్యగ్రంథములును ఉన్నవి. కనుక ఆ మాటకు గౌరవము చేకూర్చు బాధ్యతలో మనకును భాగము కలదు.

ఇందుకు రెండు పనులు సూచింతుము. శ్రమగేయములను సేకరించు విద్యార్థులు పాట పాఠముతో పాటు పాడువారికి నడుమ విరామమెచట వచ్చినది, నీరెపుడు త్రాగిరి, పాటను ఆపు అధికారమెవరిది అను వివరములను కూడ గుర్తింపవలెను. పనిచోటి పలుకుబడులను, ముఖ్యముగా గనులలోను, మిరపకల్లములలోను స్త్రీలు ఈ అవసరములకు తమలో తాము వాడుకొను సంకేతపదములను, మాండలిక నిఘంటువులలోనికి నిస్సంకోచముగా ఎక్కింపవలెను. ఆ పదములు నీచములు కావు. చోటు లేనివారు చోటును గూర్చి చెప్పుకొన్న మాటలు.

సౌధమున పరచిన గెలాక్సీ రాతిలోని బంగారు చుక్కలను వర్ణించు కవికి లోపముండదు. ఆ రాయి కోసిన దినమున తీగపై ఎంత నీరు పడినదో, ప్రక్క నిలిచినవాడు ఎంత నీరు త్రాగెనో కూడ తెలిసి వర్ణించిన కవి ఆ రాతిని పూర్తిగా చూచినవాడగును. విజ్ఞులు ఈ అంశమును పరిశీలింతురు గాక.